రాసినోడే దుడ్లిస్తే

వీరగల్లుల మీద నేను రాసిన మొదటి పరిశోధన వ్యాసాన్ని ఎవరూ చదవలేదు. అచ్చేసినవాళ్లు చదవలేదు. చదివాం, బాగుందని రాసిచ్చినవాళ్లు చదవలేదు. అచ్చయ్యాక నేనూ చదవలేదు. అయినా దాని పేరు చెప్పి హాస్టల్లో మైసూర్‌పాక్ పంచాను.

అప్పుడు బెంగళూరులో తెలుగులో పీహెచ్‌డీ చేస్తున్నాను. మాది హిందూపురం దగ్గర పల్లె. హైదరాబాదు పోవాలంటే రాత్రంతా ప్రయాణం. బెంగళూరైతే పొద్దున టిఫిన్ చేసి బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి మెజెస్టిక్‌లో దిగొచ్చు. మా వైపు పిల్లలు పై చదువులకు జ్ఞానభారతి క్యాంపస్ దారి పట్టడానికి కారణం చాలావరకు ఇంతే. మైసూరు రోడ్డు పక్కన వెయ్యెకరాలు దాటిన క్యాంపస్ అది. చెట్లు, బండలు, మధ్యలో ఎక్కడో ఒక డిపార్ట్‌మెంటు. వచ్చిన కొత్తలో కిటికీ పక్కన సీటు దొరక్కపోయినా ఫర్వాలేదు, వృషభావతి వాసన ముక్కుకు తగిలిందంటే దిగే స్టాపు దగ్గరపడినట్టే.

కోలారు జిల్లాలో తెలుగు మాట్లాడే పల్లెలు చాలా ఉన్నాయి. అక్కడి వీరగల్లులు, వాటి చుట్టూ జనం చెప్పుకునే కథలు నా అంశం. వీరగల్లు చూడనివాళ్ల కోసం ఒక మాట. ఊరి పశువుల్ని తోలుకుపోతున్న దొంగలకు అడ్డం పడి చచ్చిపోయినవాడికి ఊరు నిలబెట్టిన రాయి అది. సాధారణంగా మూడు అంతస్తులుంటుంది. కింద వీరుడు విల్లో కత్తో పట్టుకుని పోరాడుతుంటాడు, కాళ్ల దగ్గర ఆవులు. నడిమి అంతస్తులో అప్సరసలు చెరో వైపు పట్టుకుని వాణ్ని పైకి తీసుకుపోతుంటారు. పైన దేవుడి సన్నిధిలో కూర్చుని ఉంటాడు. అంతస్తుల మధ్య పట్టీల మీద అక్షరాలు. అక్షరాలన్నీ నాచు, పసుపు, నూనె. చాక్‌పీసు పొడి రుద్ది, పక్కకు వంగి, ఎండ ఏటవాలుగా పడే వేళ దాకా కాచుకుంటే ఒక్కొక్క అక్షరం తేలుతుంది. ఆ పని నాకు నిజంగా ఇష్టం. మోకాళ్లు చెక్కుకుపోయేలా ఆ రాళ్ల ముందు కూర్చున్నాను. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, నా దగ్గర సరుకు లేక అడ్డదారి తొక్కలేదని మీకు తెలియాలి. సరుకుంది.

2009 నాటి యూజీసీ నిబంధన ప్రకారం థీసిస్ ఇచ్చేలోపు రిఫరీడ్ జర్నల్లో ఒక్క వ్యాసమైనా అచ్చవ్వాలి. 2016లో దానికి తోడు రెండు సదస్సు పత్రాలు కలిపారు. మరోపక్క అధ్యాపకుల ప్రమోషన్లకు, అచ్చయిన వ్యాసాలకూ మార్కులు వేసే ఏపీఐ లెక్క 2010 నుంచే నడుస్తుండేది. విద్యార్థికి ఒకటి కావాలి, లెక్చరర్‌కి ఎన్నున్నా చాలవు. గిరాకీ అంతగా ఉంటే దుకాణం తెరవకుండా ఊరుకుంటారా ఎవరైనా?

నేను ఎక్కువగా చదువుకున్నది నృపతుంగ రోడ్డులోని మిథిక్ సొసైటీలో. 1909లో పెట్టిన సంస్థ. లూయిస్ రైస్ 1905లో తెచ్చిన కోలారు జిల్లా శాసనాల సంపుటం, ఎపిగ్రాఫియా కర్ణాటికా పదోది, ముందేసుకుని కూర్చునేవాణ్ని. ఆ సొసైటీకి సొంత త్రైమాసిక పత్రిక ఉంది, వందేళ్లు దాటినది. దాని పాత సంచికల బైండింగులు నా వెనక బీరువాలోనే ఉన్నాయి. ఇంగ్లీషులో ఒక వ్యాసం రాసి, మెట్లు దిగేటప్పుడు ఆఫీసులో ఇచ్చిపోతే సరిపోయేది. ఎందుకు ఇవ్వలేదని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. బద్ధకం అనుకున్నాను, ఇంగ్లీషు రాదనుకున్నాను. అసలు కారణం వేరు. వాళ్లు చదువుతారని భయం.

నాకు దొరికిన పత్రిక పేరు కవరు మీద మూడు వరుసలు పట్టేది. ఇంజినీరింగు, మేనేజ్‌మెంటు, వైద్యం, వ్యవసాయం, సాహిత్యం, అన్నీ అందులోనే. ముందు 'అంతర్జాతీయ', చివర ఎవరు కొలిచారో తెలియని ఇంపాక్ట్ ఫ్యాక్టర్. 2017 జనవరిలో యూజీసీ ఆమోదిత పత్రికల జాబితా పెడితే అందులో ఇదీ ఉంది. శుక్రవారం రాత్రి వ్యాసం పంపాను, ఆదివారం కాఫీ వేళకి సమాధానం వచ్చింది. ఇద్దరు నిపుణులు చూశారట. 'విషయం మౌలికం, భాష సరళం' అన్నారట. చిన్న సవరణ ఒక్కటే ఉందట, అది రెండున్నర వేల రూపాయలు కట్టడం.

కట్టాను. నాకు ఫెలోషిప్ లేదు. నాగరభావిలో ఇద్దరు పిల్లలకు సాయంత్రం ట్యూషన్ చెప్పి తెచ్చుకున్న డబ్బు. సర్టిఫికెట్ వచ్చింది. చుట్టూ బంగారు రంగు అంచు, కింద చదవడానికి వీల్లేని సంతకం, పైన నా పేరుకు ముందు 'డాక్టర్'. ఆ డాక్టర్ కోసమే కదా ఇంత తంటా అని నవ్వుకుని, దాన్ని ఫోటో తీసి ఇంటికి పంపాను.

మా నాయన పట్టుగూళ్లు పండించే రైతు. హిందూపురం గూళ్ల మార్కెట్లో ధర ఎప్పుడు పెరుగుతుందో, ఎప్పుడు పడుతుందో ఆయనకు అరచేతిలో గీతలా తెలుసు. ఫోన్ చేసి అడిగాడు.

"ఎంతిచ్చిరిరా నీకు?"

"నేనే ఇచ్చినా నాయనా."

"రాసినోడే దుడ్లిచ్చేదా? గూళ్లు మార్కెట్టుకు ఏసకపోయి, కొనే రీలరుకే దుడ్లిచ్చి వచ్చినట్లుందే!"

ప్రాసెసింగ్ చార్జీ అంటే ఏమిటో ఆయనకు విడమరిచి చెప్పాను. పేరున్న మంచి పత్రికలూ కొన్ని రచయిత దగ్గర డబ్బు తీసుకుంటాయి, అది అబద్ధం కాదు. కాని ఆ నిజాన్ని నేను ఆ రోజు వాడుకున్న తీరు మాత్రం శుద్ధ అబద్ధం. "సరేలే, సదువుకున్నోనివి, నీకు తెల్దా" అని ఆయన ఫోన్ పెట్టేశాడు. నన్ను ఎవరూ అంతకంటే ఎక్కువగా తిట్టలేదు.

అక్కడితో ఆగితే ఇది రాసేవాణ్ని కాదు. రెండో నెలలో ఆ పత్రిక నన్ను అసోసియేట్ ఎడిటర్‌గా వేసుకుంది. పీహెచ్‌డీ రాని అసోసియేట్ ఎడిటర్. అవెన్యూ రోడ్డుకు పోయి విజిటింగ్ కార్డులు కొట్టించాను. వాటిలో సగం ఇప్పటికీ అట్టపెట్టెలో ఉన్నాయి, దాని మీద మా పాప బొమ్మలేస్తుంది. నాకు సమీక్షకు వచ్చిన మొదటి వ్యాసం కోళ్ల దాణాలో ఖనిజాల గురించి. కోళ్ల గురించి నాకు తెలిసింది తినడం వరకే. అయినా తెరిచాను. సమీక్ష ఫారంలో ఏమీ రాయక్కర్లేదు. ప్రతి ప్రశ్న పక్కనా చిన్న బాణం గుర్తు, నొక్కితే సమాధానాలు కిందికి జారతాయి. విషయం: మౌలికం, బాగుంది, ఫర్వాలేదు. భాష: సరళం, బాగుంది, ఫర్వాలేదు. పైన ఉన్నది దానంతటదే ఎంపికై ఉంటుంది.

నా వ్యాసం మీద ఆ ఇద్దరు నిపుణులు రాసిన రెండు ముక్కలూ ఎక్కడ పుట్టాయో అప్పుడు తెలిసింది. కాసేపు తెర వంక చూస్తూ కూర్చున్నాను. తర్వాత కోళ్ల దాణా విషయం మౌలికమని, భాష సరళమని నొక్కి, పంపేసి, మెస్సుకు పోయి ముద్ద, సారు తిన్నాను. ఆకలి ఏమీ తగ్గలేదు.

ఆ తర్వాత జూనియర్లను తెచ్చాను. ముగ్గురిని చేర్పిస్తే నా రెండో వ్యాసానికి ఫీజు లేదన్నారు. "అన్నా, ఎక్కడ వేయిస్తే బాగుంటుంది?" అని అడిగినవాళ్లకు కార్డు తీసిచ్చాను. వాళ్లలో ఒకమ్మాయిది ముళబాగిలు వైపు. వాళ్ల అవ్వ దగ్గర, చుట్టుపక్కల ఊళ్ల ముసలమ్మల దగ్గర నాట్ల పాటలు, విసుర్రాతి పాటలు ఫోన్‌లో రికార్డు చేసి, ఒక్కో మాట విని రాసుకుంది. రూమ్మేటు దగ్గర అప్పు తీసుకుని ఫీజు కట్టింది. యూజీసీ లిస్టులో ఉంది కదమ్మా, భయమెందుకు అన్నాను. భయపడాల్సినవాణ్ని నేను.

నా మొదటి వ్యాసం అచ్చు కాపీ అడిగారు మా గైడు. పోస్టులో వచ్చిన నిగనిగలాడే సంచిక తీసుకెళ్లి గర్వంగా టేబుల్ మీద పెట్టాను. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి పేజీ తిప్పారు. శీర్షిక, నా పేరు, సంగ్రహం ఇంగ్లీషులో చక్కగా ఉన్నాయి. తర్వాతి పేజీ దగ్గర ఆగిపోయారు. దాన్ని వెలుతురుకు పట్టి చూశారు. తలకిందులు చేసి కూడా చూశారు.

"ఏమప్పా, ఇది బ్రాహ్మీనా, ఖరోష్ఠీనా?"

వంగి చూశాను. డాలర్ గుర్తులు, ప్రశ్నార్థకాలు, నెత్తిన కొమ్ములున్న ఇంగ్లీషు అక్షరాలు, సగం విరిగిన బ్రాకెట్లు. ఐదు పేజీలూ అంతే. నేను వ్యాసాన్ని చామరాజపేటలో ఒక డీటీపీవాడి దగ్గర అను ఫాంట్లలో కొట్టించి ఆ ఫైలే పంపాను. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు. అవి లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగక్షరం ఒక్కటీ నిలవదు. డీటీపీ దుకాణాల చుట్టూ తిరిగిన ఏ తెలుగువాడికైనా తెలిసిన సంగతే. తెరిచిన వాడికి తెలుస్తుంది, తెరవాలి కదా. నేను చూసిందల్లా సర్టిఫికెట్టు.

"భాష సరళంగా ఉందని రాశారు సార్ రిఫరీలు" అన్నాను. ఎందుకన్నానో నాకిప్పటికీ అర్థం కాదు. నోటికి అదే వచ్చింది.

ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వి, నవ్వి, కళ్లు తుడుచుకుని, "వాళ్లకు నాకంటే ఎక్కువ లిపులొచ్చినట్లుంది. దీన్ని థీసిస్‌లో పెట్టొద్దు. ఇంకోటి రాయి, ఈసారి చదివేవాళ్లకి పంపు" అన్నారు.

2018 మార్చిలో కరెంట్ సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. 1932 నుంచి ఈ బెంగళూరులోనే వెలువడుతున్న పత్రిక అది. సావిత్రీబాయి ఫూలే పుణె విశ్వవిద్యాలయానికి చెందిన భూషణ్ పట్వర్ధన్ బృందం, యూజీసీ జాబితాలో విశ్వవిద్యాలయాల సిఫారసు మీద చేరిన పత్రికల్ని పరిశీలించింది. చిరునామా లేనివి, సంపాదకుల పేర్లు లేనివి, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ సొంతంగా కల్పించుకున్నవి ఎన్నో బయటపడ్డాయి. పేరున్న సూచీల్లో చోటు లేనివాటిలో 88 శాతానికి పైగా నాసిరకం కావచ్చని తేల్చారు. మే 2న యూజీసీ ఒక్క దెబ్బతో 4,305 పత్రికల్ని తీసేసింది. మాది అందులో ఉంది. 'మాది' అంటున్నాను చూడండి, అసోసియేట్ ఎడిటర్‌ని కదా.

మరుసటి ఏడాది అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన కేసులో, హైదరాబాదు కేంద్రంగా ఉన్న ఒమిక్స్ సంస్థ 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని అక్కడి కోర్టు తీర్పిచ్చింది. నా పత్రికకు ఆ సంస్థతో ఏ సంబంధమూ లేదు, అంత స్థాయీ లేదు. కాని ఆ వార్తల్లో మోసపోయిన పరిశోధకులు అన్న మాట నాకెంతో నచ్చింది. కొన్నాళ్లు నన్ను నేను ఆ పద్దులోనే వేసుకుని ఊరట పడ్డాను. కోళ్ల దాణా గుర్తొచ్చిన రోజున ఆ పద్దులోంచి కొట్టేసుకోవాల్సి వచ్చేది.

ఇంకో వ్యాసం రాశాను. ఒక మంచి పత్రిక దాన్ని ఎర్రటి గుర్తులతో తిప్పి పంపింది. శకవర్షంలో ఒక అంకెను తప్పు చదివి, ఆ వీరుణ్ని వందేళ్లు ముందే చంపేశానని ఆ పరిశీలకుడు ఎత్తిచూపాడు. మళ్లీ ఆ ఊరికి పోయి చూస్తే ఆయన చెప్పిందే నిజం. మొదటి వ్యాసంలోనూ అదే తప్పుంది. అచ్చు చెడిపోయింది కాబట్టి బయటపడలేదు. డిగ్రీ వచ్చింది. ఇప్పుడు పాఠాలు చెబుతున్నాను. 2022లో పీహెచ్‌డీకి వ్యాసం తప్పనిసరి అన్న నిబంధనే యూజీసీ తీసేసింది.

ముళబాగిలు అమ్మాయి వ్యాసం యూనికోడ్‌లో ఉంది, అక్షరం చెక్కుచెదరకుండా అచ్చయింది. అదే దాని ఖర్మ. పత్రికను జాబితాలోంచి తీసేశాక ఆ పాటల్ని ఇంకోచోటికి పంపింది. ఇదివరకే అచ్చయింది కాబట్టి తీసుకోలేమన్నారు. ఆ పాటలు పాడినవాళ్లలో ఒకామె అప్పటికే పోయిందట. ఆ మాట చెప్పడానికి ఫోన్ చేసినప్పుడు నన్ను తప్పు పట్టలేదు, అప్పు సంగతి ఎత్తలేదు. ఎప్పుడూ అన్నా అని పిలిచేది, ఆ రోజు మాత్రం సార్ అంది. ఫీజు నేనిస్తానన్నాను. వద్దు సార్, తీరిపోయింది అంది.

సంపాదక వర్గంలోంచి నా పేరు తీసేయమని ఆ పత్రికకు మెయిల్ పెట్టాను. వెంటనే మర్యాదగా జవాబిచ్చారు. పేరు తొలగింపునకు చార్జీ పదిహేను వందలట. కట్టాను. నిన్న కూడా చూశాను, మూడో వరుసలో ఉంది.