హోం శాఖ వారి బ్లాకు టికెట్టు

తెలుగు ప్రేక్షకుడు థియేటర్‌కు తిరిగొచ్చాడట! సక్సెస్ మీట్లలో హీరోలు ఆనందబాష్పాలతో చెబుతున్నారు. ఎవరొచ్చారా అని తొంగిచూస్తే హాల్లో ఉన్నది మొదటిరోజు అభిమాని. ఆదివారం సాయంత్రం పిల్లాపాపలతో వచ్చే కుటుంబం మాత్రం ఇంట్లోనే ఉంది. నాలుగు వారాలు ఓపిక పడితే ఓటీటీలో వస్తుంది కదా అని తీరిగ్గా కూర్చుంది.

ఈ కుటుంబం ఎందుకు వెళ్లిపోయిందన్న విషయం మీద పరిశ్రమ పెద్దలు నలభై ఏళ్లుగా దర్యాప్తు చేస్తూనే ఉన్నారు. ఎనభైల్లో వీసీఆర్. తొంభైల్లో కేబుల్ టీవీ. ఆ తర్వాత పైరసీ సీడీ, కరోనా, ఇప్పుడు ఓటీటీ. స్ప్రింగు పొడిచే కుర్చీ, ముక్కు మూసుకుని వెళ్లాల్సిన మరుగుదొడ్డి, చుక్కలు చూపించే టికెట్టు మాత్రం నిందితుల జాబితాలోకి ఎన్నడూ ఎక్కలేదు. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అంటూ జేబును బట్టి చోటిచ్చిన హాళ్లు కల్యాణ మండపాలయ్యాయి, గోదాములయ్యాయి. మిగిలినవాటి గతి చూడాలంటే 2024 మే నెల గుర్తు తెచ్చుకోండి. జనం రాక, కరెంటు ఖర్చులకైనా గిట్టక, తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు పది రోజులు తాళాలు వేసుకున్నాయి.

టికెట్ ధరలో మన ప్రభుత్వాలు చూపిన సమతూకం అపూర్వం. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పేదవాడి మీద జాలిపడి, గ్రామ పంచాయతీలో అట్టడుగు తరగతి టికెట్టు 5 రూపాయలన్నది. ఆ డబ్బుతో థియేటర్‌వాడు ఫ్యాను తిప్పాలా, జీతాలివ్వాలా అని ఎవరూ అడగలేదు. 2025 సెప్టెంబరులో అదే రాష్ట్రంలో ఓజీ ప్రత్యేక షోకి 1000 రూపాయలు పుచ్చుకోవచ్చన్నారు. కథానాయకుడు సాక్షాత్తూ ఉప ముఖ్యమంత్రి. నాలుగేళ్లలో 5 నుంచి 1000! ఈ వేగంతో వరి మద్దతు ధర పెరిగితే రైతులంతా ఈపాటికి నిర్మాతలై ఉండేవారు.

వెనకటికి హాలు గేటు దగ్గర "బాల్కనీ యాభై, బాల్కనీ యాభై" అని గొణుగుతూ ఒకడు తిరిగేవాడు. లాఠీ కనబడితే గోడ దూకేవాడు. పాపం, తొందరపడి పుట్టాడు. అతణ్ని తరిమిన పోలీసులు ఏ శాఖ కింద పనిచేస్తారో, టికెట్ పెంపు జీవోలు ఆ హోం శాఖ నుంచే వెలువడుతున్నాయి. గోడ దూకే పని తప్పింది. సంతకం, సీలు, జీఎస్టీతో సహా బ్లాకు తెల్లబడింది.

2024 డిసెంబరు 4 రాత్రి పుష్ప-2 ప్రత్యేక షోలకు తెలంగాణలో టికెట్ మీద 800 అదనం. ఆ రాత్రే సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది, ఆమె కొడుకు నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. ఇక ప్రత్యేక షోలూ లేవు, పెంపూ లేదని ముఖ్యమంత్రి అసెంబ్లీలో ప్రకటించారు. సంక్రాంతి వచ్చింది. గేమ్ ఛేంజర్‌కు పెంపూ వచ్చింది. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లాక అనుమతి వెనక్కి మళ్లింది. సెప్టెంబరులో ఓజీ ప్రత్యేక షో వచ్చింది, టికెట్టు 800. అసెంబ్లీలో ఇచ్చిన మాట ఆయుష్షు తెలుగు సినిమా థియేటర్ రన్ కంటే కాస్త ఎక్కువే.

కొత్త సినిమాకు జనం కరువైతే పాతవాటిని తవ్వి తీశారు. 2022 ఆగస్టు 9న పోకిరితో మొదలైంది జాతర. 2010లో నిర్మాతను ముంచిన ఆరెంజ్ 2023లో హౌస్‌ఫుల్! సినిమా తీసి ఆవకాయలా పదమూడేళ్లు ఊరబెడితే హిట్టని తేలింది. మురారి పెళ్లిపాటకు హాల్లో అక్షింతలు చల్లారు. తాడేపల్లిగూడెంలో బిల్లా ఆడుతుంటే టపాసులు కాల్చి కుర్చీలు తగలబెట్టారు. దీన్నే పునరుజ్జీవనం అంటున్నారు.

థియేటర్‌వాడి గోడు ఎవరికీ పట్టదు. అద్దె చాలడంలేదు, వసూళ్లలో వాటా ఇవ్వండి, లేకుంటే జూన్ 1 నుంచి మూసేస్తామని 2025లో వాళ్లు నోరెత్తారు. ఆ జూన్‌లోనే ఉప ముఖ్యమంత్రిగారి మరో సినిమా హరిహర వీరమల్లు విడుదల కావాల్సి ఉంది. ఈ మూసివేత వెనక కుట్ర ఉందేమోనని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విచారణకు ఆదేశించింది. విచారణ చేయమన్నది మళ్లీ హోం శాఖనే!

అయ్యా ఏలికలారా, నిర్మాతలారా, ఒక్క మనవి. ఏ హీరోకైనా, ఏ రోజైనా ఒకటే ధర పెట్టండి. మొదటి వారం దోచుకుని రెండో వారం జనం రాలేదని ఏడవకండి. నలుగురున్న ఇల్లు వెయ్యి రూపాయల్లో సినిమా చూసి, సమోసా తిని, ఆటో ఎక్కి ఇంటికి చేరగలిగిన రోజున చెప్పండి ప్రేక్షకుడు తిరిగొచ్చాడని. అప్పటిదాకా మీరు ప్రకటించే వందల కోట్లన్నీ అభిమానుల జేబులు కొట్టినందుకు ఇచ్చిన రసీదులే.