ముందు కాలు కొలుచుకో అబ్బాయ్

కొండలెక్కే సైకిలు కొంటానంటావు, బాగానే ఉంది. ఫోర్కు 100 మిల్లీమీటర్లు కుంగేదా 120 మిల్లీమీటర్లు కుంగేదా అంటావు. వెనక పళ్లచక్రాలు ఎన్నంటావు. కొన్న ఏడాదిలో ఏమేం మార్చాలో కొనకముందే చిట్టా రాసుకొచ్చావు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. సరే, నీ కాలు పొడవెంత? తెలీదు! చొక్కా సైజు తెలుసు, ఫోను తెర ఎన్ని అంగుళాలో తెలుసు, తొక్కాల్సిన కాలు కొలత మాత్రం తెలీదు. ఈ కాలం పిల్లలతో నా పేచీ అంతా ఇక్కడే.

మా రోజుల్లో ఈ గొడవ లేదు. సైకిలంటే సైకిలే. మామూలు మగవాడికి 22 అంగుళాల ఫ్రేము, ఆరడుగుల వాడికి 24, చక్రం మాత్రం అందరికీ 28. రంగు నలుపు. లూథియానాలో హీరో చేసినా, సోనీపట్‌లో అట్లాస్ చేసినా, మద్రాసు అంబత్తూరులో హెర్క్యులిస్ చేసినా దాదాపు అదే సైకిలు. ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కేది. కాటర్ పిన్ను అరిగిందంటే ఏ పల్లెటూరి సైకిల్ షాపులోనైనా డబ్బాలో చెయ్యి పెట్టి తీసిచ్చేవాడు. ఇప్పుడు నీ సైకిలుకో బోల్టు కావాలంటే పార్సిలు వచ్చేదాకా వారం రోజులు గోడకి ఆనించి దాని మొహం చూస్తూ కూర్చోవాలి.

కొలత లేదా మాకు? ఎందుకు లేదు! మా వీధి చివర షాపాయన నీ చెయ్యి పట్టుకుని సీటు అంచు చంకలో ఆనించి, వేళ్లు చాచి పెడళ్ల ఇరుసు తాకమనేవాడు. అందిందా, సీటు ఆ ఎత్తున ఉంచి స్పానరు బిగించేసేవాడు. టేపు లేదు, కాగితం లేదు. అదే సైకిలు పొద్దున నాన్న ఆఫీసుకి, మధ్యాహ్నం మా అన్నయ్య పిండిమరకి, సాయంత్రం నేను. నాకు సీటు అందేది కాదు. నడిమి కడ్డీ కిందనుంచి కాలు దూర్చి, వంకరగా వేలాడుతూ ఊరంతా తిరిగేవాణ్ణి. పక్క వీధి సుబ్బమ్మత్త ఎదురైతే బెల్లు కొట్టడానికి చెయ్యి చాలక నోటితోనే అరిచేవాణ్ణి. ఆవిడ తిట్లు ఇప్పటికీ గుర్తే. ఏం చెబుతున్నాను? ఆ, కొలత.

నీకు అలా కుదరదు. నువ్వు చదును రోడ్డు మీద పిండిమరకి వెళ్లడం లేదు. వికారాబాదు దగ్గర అనంతగిరి అడవిలో రాళ్ల మీద, వేళ్ల మీద దిగుతావు. అక్కడ సీటు మీంచి లేచి నిలబడి తొక్కాలి, ఒక్కోసారి ఉన్నపళంగా కాళ్లు కింద పెట్టాలి. ఫ్రేము పెద్దదైతే ఆ నడిమి కడ్డీ ఎక్కడ తగులుతుందో నేను చెప్పక్కర్లేదు. మా 22 అంగుళాల బండి మీద మా వాళ్లంతా ఆ దెబ్బ తిన్నవాళ్లే. పొట్టివాడికీ మామూలువాడికీ ఒకటే ఫ్రేము అంటగట్టడం మా కాలపు లోపమే. ఇప్పుడు ఒకే మోడల్లో నాలుగైదు సైజులు చేస్తున్నారు, అది మంచిదే. చేసినందుకైనా నీ సైజు నువ్వు తెలుసుకోవాలా వద్దా?

విను. చెప్పులు విప్పి గోడకి వీపు ఆనించి నిలబడు. లావుపాటి అట్ట పుస్తకం ఒకటి కాళ్ల మధ్య పెట్టి, పైకి గట్టిగా ఆనేదాకా లాగు. పుస్తకం పై అంచు గోడమీద ఎక్కడుందో అమ్మ చేతో చెల్లెలి చేతో గీత గీయించు. నేలనుంచి ఆ గీతదాకా ఎంతో అదీ నీ కాలు కొలత. అది 80 సెంటీమీటర్లయితే దాన్ని 0.883తో హెచ్చవేయి, సుమారు 70.6 వస్తుంది. పెడళ్ల ఇరుసు నడుమనుంచి సీటు పైదాకా అంత ఎత్తు దగ్గర మొదలుపెట్టు. ఈ లెక్కకి పేరు తెచ్చింది టూర్ డి ఫ్రాన్స్ మూడుసార్లు గెలిచిన గ్రెగ్ లెమాండ్. అది రోడ్డు సైకిళ్ల వాళ్ల లెక్క, కొండ దిగేటప్పుడు సీటు ఇంకా కిందికి దించుకోవాలి. లెక్కలంటే విసుగైతే, సీటు మీద కూర్చుని మడమ పెడలు మీద పెట్టు. పెడలు అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు నిటారుగా ఉంటే సరి. తొక్కేటప్పుడు మునివేళ్ల దగ్గరి పాదం ఆనుతుంది కాబట్టి మోకాలికి కాస్త వంపు మిగులుతుంది.

సీటు ఎత్తు మార్చుకోవచ్చు. ఫ్రేము పొడవు మార్చలేవు. పెడళ్ల ఇరుసు మీంచి నిట్టనిలువుగా గీత గీస్తే, ఆ గీతనుంచి హ్యాండిల్ గొట్టం పై చివరిదాకా ఉన్న దూరాన్ని రీచ్ అంటున్నారు ఇప్పుడు. నిలబడి తొక్కేటప్పుడు సైకిలు నీకు పొడుగో పొట్టో చెప్పేది అదే. సీటు గొట్టం 17 అంగుళాలా 18 అంగుళాలా అని మాత్రమే అడిగితే ఇప్పుడు లాభం లేదు. నడిమి కడ్డీని ఏటవాలుగా దించేశారు కాబట్టి ఆ అంకె ఒక్కో కంపెనీలో ఒక్కో తీరుగా ఉంటుంది. ఒకడి మీడియం ఇంకొకడి లార్జి. మా 22 ఎక్కడైనా 22! అందుకే పట్టిక చూసి ఊరుకోకు, షాపుకి వెళ్లి ఎక్కు. కడ్డీకి ఇటో కాలు అటో కాలు వేసి నిలబడితే మధ్యన రెండంగుళాలైనా ఖాళీ ఉండాలి. రెండు సైజుల మధ్య పడ్డావా, మలుపుల్లో గింగిరాలు తిరగాలంటే చిన్నది, వాలులో నిబ్బరంగా దిగాలంటే పెద్దది. కొత్తగా నేర్చుకునేవాడివి, నన్నడిగితే చిన్నదే తీసుకో. షాపులో మిగిలిపోయిన పెద్ద సైజు డిస్కౌంటు మీద ఇస్తానంటాడు. ఆ డిస్కౌంటుకి తర్వాత నీ నడుం మూల్యం చెల్లిస్తుంది.

ఇక చక్రాలు. 26, 27.5, 29 అంటారు. 29 అంటే ఏదో కొత్తగా పుట్టిన భూతమన్నట్టు చెబుతారు. టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం కొలిస్తే 29 చక్రానిది 622 మిల్లీమీటర్లు. మా పాలవాడి 28 చక్రానిది 635! మా పాత రిమ్మే పెద్దది. టైరు లావు చేసి 29 అని పేరు పెట్టారు, అంతే. ఆ లావు టైరుతో కలిపి కొలిస్తే 29దే కాస్త పెద్దదవుతుంది, అదీ నిజమే. పెద్ద చక్రం రాయి మీంచి తేలిగ్గా దొర్లిపోతుందని ఈమధ్య కనిపెట్టినట్టు చెబుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. మన గతుకుల బాటలమీద పాల క్యాన్లు, వడ్ల బస్తాలు మోసిన సైకిలుకి ఆ సంగతి తెలీదా? నువ్వు పొట్టివాడివైతే మాత్రం 27.5 దగ్గర ఆగు. కొన్ని కంపెనీలు చిన్న ఫ్రేములకి వాళ్లే ఆ చక్రం వేసి ఇస్తున్నారు, బుద్ధిమంతులు.

కొండ సైకిలు పుట్టిందే పాత సైకిళ్లలోంచి. అమెరికాలో కాలిఫోర్నియా, మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు 1930ల, 40ల నాటి బరువైన ష్విన్ సైకిళ్లు తెచ్చి కొండమీంచి కిందికి పందేలు వేసుకున్నారు. 1976లో మొదలైన ఆ పందేనికి రీప్యాక్ అని పేరు. వెనక్కి తొక్కితే పడే బ్రేకు హబ్బులోనే ఉండేది. ఒక్కసారి దిగేసరికి వేడికి గ్రీజు కాలి పొగ లేచేది, హబ్బు విప్పి మళ్లీ గ్రీజు కూరాలి, అదీ ఆ పేరు వెనక కథ. గ్యారీ ఫిషర్, జో బ్రీజ్, టామ్ రిచీ అందరూ ఆ గుంపే. 1981లో స్పెషలైజ్డ్ వాళ్లు స్టంప్‌జంపర్ అని పెద్దయెత్తున తయారుచేసి అమ్మారు. దానికి ముందూ స్ప్రింగు లేదు, వెనకా స్ప్రింగు లేదు. ముందు కుంగే ఫోర్కుతో రాక్‌షాక్స్ వచ్చింది 1989లో, అదీ రెండంగుళాలు కుంగితే గొప్ప. నువ్వు ఇప్పుడు 100 మిల్లీమీటర్లు చాలవంటున్నావు!

ముందు మాత్రమే కుంగి వెనక బిగిసి ఉండే ఈ హార్డ్‌టెయిల్ అంటే నాకిష్టం. ఈ కాలం సరుకులో మా సైకిలుకి దగ్గరి చుట్టం అదొక్కటే. వెనక కీళ్లు లేవు, అరిగే బుష్‌లు లేవు, కడిగి తుడిచి గోడకి ఆనిస్తే చాలు. ఆ సుఖాన్ని చెడగొట్టుకోకు. 100 మిల్లీమీటర్ల ఫోర్కుకి గీసిన ఫ్రేముకి 140 తెచ్చి బిగిస్తే ముందుభాగం పైకి లేస్తుంది, హ్యాండిల్ గొట్టం వెనక్కి వాలుతుంది, ఎక్కుడులో ముందు చక్రం నేలమీద నిలవదు. పైగా ఆ గొట్టం మీద పడే బరువు ఫ్రేము చేసినవాడు లెక్కేసుకున్నది కాదు. మార్చాలనుంటే అదే పొడవులో గాలి ఫోర్కు వెయ్యి. చవక ఫోర్కులో ఉక్కు స్ప్రింగు 50 కిలోల వాడికీ 90 కిలోల వాడికీ ఒకటే. గాలి ఫోర్కులో అయితే నీ బరువుకి తగ్గట్టు గాలి కొట్టుకుంటావు, నువ్వు ఎక్కి నిలబడితే ఉన్న పొడవులో అయిదో వంతో నాలుగో వంతో కుంగాలి. దానికోసం సైకిలు కొనేటప్పుడే చూడాల్సింది హ్యాండిల్ గొట్టం. పైన సన్నగా కింద లావుగా ఉంటే రేపు మంచి ఫోర్కు దొరుకుతుంది. కిందిదాకా ఒకటే లావైతే వెతుక్కోవాల్సిందే.

రెండో పరీక్ష వెనక హబ్బు. ఫ్రీవీలు మర తిప్పి బిగించేదా, గాడుల్లోకి జారే క్యాసెట్టా? మర ఫ్రీవీలు మాదే. ఒక్క పళ్లచక్రం ఉన్నన్నాళ్లూ దానికి తిరుగులేదు, ఎత్తిన చక్రం కటకటమంటూ తిరుగుతుంటే వినడానికి ఎంత బాగుండేదో! దాని మీదే ఏడు పళ్లచక్రాలు పేర్చారు. బేరింగు లోపలెక్కడో ఉండిపోయింది, యాక్సిలు బయటికి పొడుచుకొచ్చింది, రాళ్లమీద దూకితే వంగుతుంది, విరుగుతుంది. పాత సరుకు చెడ్డదని కాదు, దాని పని కాని పని దానికి అప్పజెప్పారు. కొండకి క్యాసెట్టు ఉన్నదే కొను. ముందు ఒకే పళ్లచక్రం, వెనక పది పదకొండు పెట్టే ఈ కొత్త పద్ధతి నాకు నచ్చింది. ముందు ఒక్కటే ఉండటం మాకు ఎప్పుడూ ఉన్నదే.

ఈ రెండూ సరిగా ఉంటే మిగతా ఖర్చు తొందరలేదు. మొదటి డబ్బు టైర్లకి పెట్టు, అందులోనూ ముందు టైరుకి. జారితే పడేసేది అదే. మా రోజుల్లో టైరు రాయిలా గట్టిపడేదాకా పంపు కొట్టేవాళ్లం, నువ్వలా కొట్టకు. లావు టైరుకి గాలి తక్కువుంటేనే నేలని పట్టుకుంటుంది. ట్యూబు లేకుండా లోపల పాలలాంటి ద్రవం పోసే పద్ధతి ఉందే, దాన్ని చాలాకాలం అసహ్యించుకున్నాను. ట్యూబు నీళ్ల బేసినులో ముంచి బుడగ ఎక్కడొస్తుందో చూడటం, ఆకురాయితో రుద్ది సొల్యూషను రాసి ఊదటం, అది ఒక విద్య, నీకు రాదు. కాని తెలంగాణ బీళ్లలో పల్లేరుకాయలూ తుమ్మముళ్లూ ఎంత కసిగా ఉంటాయో నాకు తెలుసు. ఆ ద్రవం ముల్లు దిగిన చోటే గడ్డకట్టి చిల్లు పూడుస్తుంది. మన ఎండలకి తొందరగా ఆరిపోతుంది కాబట్టి కొన్ని నెలలకోసారి పోస్తుండు.

బ్రేకుల విషయంలో నీతో వాదన లేదు. మా కడ్డీ బ్రేకు రిమ్ముని లోపలివైపు నుంచి ఒరుసుకునేది. వాన పడి రిమ్ము తడిస్తే రెండు చేతులా బిగించినా బండి తన దారిన తాను పోయేది. చెప్పులు నేలకి రాసి ఆపేవాళ్లం. డిస్కు బ్రేకు వానలో కూడా పట్టుకుంటుంది. దిగుడుకి అది ఉండాల్సిందే. తీగతో లాగే డిస్కు వచ్చినా ఫరవాలేదు, ముందు మంచి ప్యాడ్లు వేసుకుని వాడు. హైడ్రాలిక్‌కి తర్వాత వెళ్లొచ్చు.

మీట నొక్కితే సీటు దిగిపోయే డ్రాపర్ సరదా మాత్రం ఇప్పుడే వద్దు. ముందు నీ సీటు గొట్టం లోపలి కొలత 27.2నో 30.9నో 31.6నో చూసుకో. 27.2లో దొరికేవి తక్కువ. అందాకా దిగేముందు ఆగి, చేత్తో సీటు దించు. ఆగితే ఏం పోయింది? మేం ఎక్కుడు వస్తే దిగి నడిపించేవాళ్లం, చెట్టుకింద మంచినీళ్లు తాగి కబుర్లు చెప్పుకునేవాళ్లం. మీకు ఆగడమంటేనే నామోషీ.

పెడళ్లు మాత్రం వెంటనే మార్చు. ప్లాస్టిక్‌వి తడిస్తే కాలు జారి పిక్క చీరేస్తాయి. వెడల్పుగా, చిన్న చిన్న మేకులున్నవి తెచ్చుకో. బిగించేటప్పుడు మరకి గ్రీజు రాయి. కుడివైపుది మామూలు మర, ఎడమవైపుది ఎదురు మర, ముందుచక్రం వైపు తిప్పితే బిగుస్తుంది. ఆ సంగతి తెలీక బలమంతా పెట్టి క్రాంకు మర కొరికేసుకున్న వీరులు మీ ఫ్లాట్స్‌లోనే ఇద్దరున్నారు. ముందు చేత్తో నాలుగు చుట్లు తిప్పు, ఆ తర్వాతే స్పానరు అందుకో.