ఇరుసు మార్పిడి పద్యం: టీకా తాత్పర్యాలు

అవతారిక

షెవ్రొలె కంపెనీ 1947లో అమెరికా రోడ్ల మీదికి తెచ్చిన అడ్వాన్స్ డిజైన్ వరుసలో 3100 అనేది అరటన్ను పికప్పు. బరువు లాగడమే దాని పని గనుక వెనుక ఇరుసు నిష్పత్తి 4.11గా పెట్టారు. ఇప్పుడు అలాంటి బండిని ముచ్చటపడి ఉంచుకున్నవారు దానితో హైవే ఎక్కుతున్నారు. అక్కడ ఇంజను గొంతు చించుకుంటుంది, సరుకు లారీలు సైతం పక్కనుంచి దాటిపోతాయి. ఈ సంకటం తీరే ఉపాయాన్ని కింది తేటగీతి చెబుతోంది.

పాత బండికిఁ గ్రొత్తదౌ పట్టు నిరుసు
కొలత నిష్పత్తి కోణముల్ కూర్చి చూచి
బరువు మోపిన పిదపనే పద్ధతిగను
అతుకువాఁడు సుఖించును హాయిగాను.

ప్రతిపదార్థం

పాత బండికిన్ = ముసలి పికప్పునకు; క్రొత్తదౌ = దానికంటె తర్వాతి కాలానిదైన; పట్టునిరుసు = ఒదిగే వెనుక ఇరుసును; కొలత = ఈ చక్రం నుంచి ఆ చక్రానికి గల వెడల్పును; నిష్పత్తి = పినియన్ ఎన్ని చుట్లు తిరిగితే క్రౌన్ వీల్ ఒక్క చుట్టు తిరుగునో ఆ లెక్కను; కోణముల్ = వాలులను; కూర్చి చూచి = ఒకదానితో ఒకటి సరిపెట్టి చూసి; బరువు మోపిన పిదపనే = బండి తన బరువుతో తాను చక్రాల మీద నిలిచిన తర్వాత మాత్రమే; పద్ధతిగను = విడతలు విడతలుగా; అతుకువాఁడు = వెల్డింగు చేసేవాడు; హాయిగాను సుఖించును = తేటతెల్లము.

తాత్పర్యం

పాత బండికి కొత్త ఇరుసు వేయదలచినవాడు ముందుగా వెడల్పు, గేరు నిష్పత్తి, వాలు చూసుకోవాలి. బండిని నేల మీద నిలబెట్టాకే వెల్డింగుకు పూనుకోవాలి. అట్టివాడు సుఖపడతాడు. తక్కినవారి గతి పద్యం చెప్పలేదు, గ్యారేజీలలో తెలుస్తుంది.

విశేషాలు

పాత బండికిన్: ‘కిన్’ షష్ఠీ విభక్తి. ఇరుసు బండికి చెందాలే గాని బండి ఇరుసుకు చెందరాదని భావం. ఇది అంత సులభం కాదు. 1954 దాకా ఈ అరటన్ను షెవ్రొలెలలో తిరిగే షాఫ్టు బయటికి కనిపించదు. టార్క్ ట్యూబ్ అనే ఉక్కు గొట్టంలో దాగి ఉంటుంది. ఆ గొట్టం ఒక చివర ఇరుసుకు బిగిసి, రెండో చివర గేరుబాక్సు వెనుక కూర్చుంటుంది. చక్రాలు ముందుకు తిరిగేటప్పుడు ఇరుసు తాను వెనక్కి మెలిపడాలని చూస్తుంది. ఆ మెలికను ఆపేది ఈ గొట్టమే. గొట్టం తీసేస్తే ఆ భారం కమాన్ల మీద పడుతుంది. గొట్టంతో జతపడిన గేరుబాక్సు కూడా మూలపడుతుంది. బయటి షాఫ్టుకు తగినది వేరే తేవాలి. ఇరుసు ఒక్కటే మార్చాలని బయలుదేరినవాడు మొదటి పదం దాటకముందే గేరుబాక్సు కూడా మార్చి ఉంటాడు. 1955 తొలి నెలల బండ్లకు కంపెనీవారే బయటి షాఫ్టు పెట్టారు గనుక వాటి యజమానులు ఈ భాగం చదవనక్కరలేదు.

క్రొత్తదౌ: ఇక్కడ కొత్తదనం సాపేక్షం. ఎక్కువమంది ఎంచుకునే వాటిలో 1995–2001 నడుమ వచ్చిన ఫోర్డు ఎక్స్‌ప్లోరర్ ఇరుసు ఒకటి. పాత ఇనుము యార్డులో మట్టిగొట్టుకుని పడి ఉంటుంది. దాన్ని 8.8 అంటారు, అది క్రౌన్ వీల్ వ్యాసం, అంగుళాలలో. చక్రాలకు డిస్క్ బ్రేకులు దానితోపాటే వస్తాయి. షెవ్రొలెకు ఫోర్డు ఇరుసా అని ఆక్షేపించే శాఖాభిమానులున్నారు. దత్తత వచ్చినవాడి గోత్రం మారినట్టే బండి కిందికి వచ్చిన ఇరుసు గోత్రమూ మారుతుందని సమాధానం.

పట్టునిరుసు: పట్టు + ఇరుసు. తద్ధర్మ విశేషణానికి అచ్చు పరమైంది గనుక నుగాగమం. రెండు పదాల మధ్య ‘న’కారం వచ్చి కూర్చున్నట్టే, పాత చట్రానికీ కొత్త ఇరుసుకూ మధ్య కూడా ఏదో ఒకటి రాక తప్పదు. ఇరుసు మీది పాత పీటలు కోసేసి, ఈ బండి కమాన్ల ఎడానికి సరిపోయే కొత్త పీటలు పెట్టాలి. యూ బోల్టులు కూడా కొత్తవే వాడాలి.

కొలత: చక్రం బిగించే ముఖం నుంచి ముఖానికి ఎక్స్‌ప్లోరర్ ఇరుసు 60 అంగుళాలకు కాస్త తక్కువ. మడ్‌గార్డు కింద చక్రం ఒరుసుకోకుండా ఇమడాలి. దీని గుండ్రటి పొట్ట సరిగ్గా నడుమ ఉండదు. కుడివైపు గొట్టం పొట్టిది, ఎడమది పొడుగు. కనుక పొట్టను చూసి నడిమి గీత గీసేవాడు పొరబడతాడు; కొలత రెండు చక్రాల నుంచి నడుమకు రావాలి. మరో చిక్కు బోల్టులది. 3100 చక్రానికి 5.5 అంగుళాల వలయం మీద ఆరు బోల్టులు, ఎక్స్‌ప్లోరర్‌కు 4.5 అంగుళాల వలయం మీద ఐదు. ముందు ఆరు, వెనుక ఐదు అయితే స్టెప్నీ సగం బండికే పనికొస్తుంది. దాన్ని సవరించబోతే ముందు హబ్బులూ మార్చాలి. పద్యం వెనుక ఇరుసు గురించే చెప్పినా అర్థం ముందు చక్రాల దాకా వ్యాపిస్తుంది.

నిష్పత్తి: గంటకు మైళ్లలో వేగాన్ని నిష్పత్తితోను, 336తోను గుణించి, చక్రం వ్యాసాన్ని అంగుళాలలో తీసుకుని దానితో భాగిస్తే, టాప్ గేరు నేరుగా తిప్పేదైనప్పుడు, ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో వస్తుంది. 28 అంగుళాల చక్రంతో 60 మైళ్ల వేగాన 4.11కు సుమారు 2960 చుట్లు. ఎక్స్‌ప్లోరర్‌లో దొరికే 3.55కు సుమారు 2560. నిమిషానికి 400 చుట్లు తగ్గడం చిన్న విషయం కాదు. 1953 దాకా ఈ బండ్లలో వచ్చిన 216 ఘనపుటంగుళాల ఇంజనులో కనెక్టింగ్ రాడ్లకు పోతపోసిన మెత్తటి లోహపు బేరింగులు. వాటికి నూనె కింది తొట్టి నుంచి చిమ్మి అందుతుంది. గంటల తరబడి పరుగు పెట్టిస్తే అవి ఓర్చుకోవు. అయితే నిష్పత్తిని మరీ తగ్గిస్తే ఎత్తు ఎక్కేటప్పుడు బండి మొరాయిస్తుంది.

కోణముల్: బహువచనం సాభిప్రాయం. కోణాలు రెండు: గేరుబాక్సు తోకది ఒకటి, పినియన్ ముక్కుది ఒకటి. షాఫ్టుకు రెండు చివరలా ఉండే క్రాసు వాలుగా తిరిగినప్పుడు ప్రతి చుట్టులోను రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. మొదటి క్రాసు చేసిన ఈ అల్లరిని రెండోది సర్దాలంటే వాలులు సమానంగా, గేరుబాక్సు గీతా పినియన్ గీతా సమాంతరంగా ఉండాలి. తోక మూడు డిగ్రీలు కిందికి చూస్తే ముక్కు మూడు డిగ్రీలు పైకి చూడాలన్నమాట. కమాన్ల బండిలో మాత్రం ఒకటి రెండు డిగ్రీలు తగ్గించి పెడతారు. యాక్సిలరేటరు తొక్కగానే ముక్కు తానే పైకి లేస్తుంది గనుక. ఏకవచనంగా చదివి ఒక్క కోణమే చూసుకున్నవారికి సీటు కింద గుర్రుగుర్రుమనే వ్యాఖ్యానం లభిస్తుంది.

బరువు మోపిన పిదపనే: ఏవకారం అవధారణార్థకం. ‘బరువు మోపక పూర్వమే’ అని పాఠాంతరం కొన్ని గ్యారేజీలలో ప్రచారంలో ఉంది. ఛందస్సుకు సరిపోతుంది గాని బండికి సరిపోదు. జాకీ మీద వేలాడే ఇరుసుకు కమాన్లు వంగవు. అప్పుడు కొలిచిన వాలు నేల మీద నిలవదు. అందుకే పీటలను ముందు వదులుగా ఉంచి, బండిని దించి, కోణమాపకం పెట్టి చూసి, చుక్కలుగా అంటించి, మళ్లీ చూసి, ఆపైన ఇరుసును విప్పి పూర్తిగా అతకాలి.

పద్ధతిగను అతుకు: మూడో పాదాంతంలోని ‘గను’కు, నాలుగో పాదం ఆదిలోని ‘అ’కు సంధి జరగలేదు. లాక్షణికులు విసంధి దోషమంటారు. నిజానికి ఇది వెల్డింగు చల్లారడానికి వదిలిన ఎడం. ఆపకుండా ఒకేచోట అతికితే గొట్టం వేడికి వంకరపోతుంది, లోపలి షాఫ్టు బేరింగును తినేస్తుంది. ఇటు అంగుళం, అటు అంగుళం అతికి, చల్లారనిచ్చి సాగాలి.

అధ్యాహారం: బ్రేకుల మాట పద్యంలో లేదు. మూలంలో లేనిది చెప్పకపోవడం మెదక్ సీమకు చెందిన మల్లినాథసూరి పాటించిన నియమం. కాని ఇక్కడ చెప్పకపోతే బండి ఆగదు. ఈ పికప్పులో బ్రేకు మాస్టర్ సిలిండరు ఫ్లోరు కింద, డిస్క్ కాలిపర్ల కంటె దిగువన ఉంటుంది. కాలు తీయగానే నూనె వెనక్కి జారుతుంది. అందుకని లైనులో 2 పీఎస్ఐ ఒత్తిడిని నిలిపే వాల్వు పెడతారు. డ్రమ్ములకైతే 10 పీఎస్ఐది. చేతి బ్రేకు తీగలు కూడా కొత్త చివరలకు అందేలా చేయించుకోవాలి.

సుఖించును హాయిగాను: సుఖించడమన్నా హాయన్నా ఒకటే గదా, పునరుక్తి దోషం కాదా అని ఆక్షేపం. కాదు. సుఖం నడిపేవాడిది, హాయి క్రాసులది. అయితే ఒక నిబంధన: స్పీడోమీటరును తిప్పే చిన్న పళ్లచక్రం గేరుబాక్సు తోకలో ఉంటుంది. అది 4.11కు కుదిరినదే అయితే, 3.55 ఇరుసుతో బండి 60 మైళ్ల వేగంతో పోతున్నా ముల్లు 52 దగ్గరే ఉంటుంది. ఆ పళ్లచక్రాన్ని కూడా మార్చినవాడికే ‘సుఖించును’ అనే క్రియ వర్తిస్తుంది.