పటంలో చెరువు

నేను చేసిన ఒక తప్పును మా నాయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

టెక్సాస్‌లో ఒక పశువుల రాంచ్‌లో సోలార్ పలకలు పరిచే పని. నేల వాలు చూసుకోవడానికి 1960ల నాటి జియలాజికల్ సర్వే పటం దగ్గర పెట్టుకున్నాను. 24,000కు ఒకటి లెక్క, అంటే అంగుళానికి 2,000 అడుగులు. గోధుమరంగు గీతల్లో మిట్టపల్లాలు. భూమిలోంచి నీళ్లు తోడి పశువులకు పోసే గాలిమరలకు కూడా గుర్తులున్నాయి. ఒక వంకకు అడ్డంగా, తెగిన నీలిగీతతో చిన్న ఆకారం, పక్కన ‘ట్యాంక్’ అన్న మాట.

నేను ఇనుప తొట్టి కోసం, సిమెంటు ట్యాంకు కోసం వెతికాను. మన సర్కారు తుమ్మకు దగ్గర చుట్టమైన మెస్కీట్ పొదలు, వాటి మధ్య పొడుగాటి మట్టిదిబ్బ, అంతే. పటం పాతది, ట్యాంకు ఎప్పుడో పోయుంటుందని డ్రాయింగ్‌లోంచి కొట్టేశాను. దారి ఆ దిబ్బ మీదుగానే గీశాను. మిషన్లు దాన్ని అడ్డంగా కోసేశాయి.

మొదటి పెద్దవానకే వంక నీళ్లు ఆ గండిలోంచి దూకి, దారినీ దిగువన కంచెనూ ఈడ్చుకుపోయాయి. రాంచ్ పెద్దాయన వచ్చి నన్ను తిట్టలేదు. 1950లో మొదలైన కరువు 1957 వానలతో తీరిందని, మళ్లీ అలాంటిది వస్తే చుక్క కూడా పోకూడదని వాళ్ల నాన్న ఆ కట్ట పోయించాడని చెప్పాడు. తెగిన గీతకు అర్థం, ఏడాదిలో కొన్నాళ్లే నీళ్లుంటాయని. అక్కడి రైతులు కుంటను ‘ట్యాంక్’ అనే అంటారు.

నాకు తెలియని మాటైతే ఇంత బాధ ఉండేది కాదు. నేను అనంతపురం జిల్లావాణ్ణి. మా ఊరి చెరువు ఇంగ్లీషు కాగితాల్లో ‘ట్యాంక్’. హైదరాబాద్‌లో చదివినన్నాళ్లూ సాయంత్రాలు ట్యాంక్ బండ్ మీదే గడిపాను. కట్టను కట్టగా గుర్తుపట్టాల్సింది అందరికంటే ముందు నేనే.

ఫోన్లో చెబితే నాయన, “చెరువుకట్ట తెంపినావా, అబ్బీ?” అన్నాడు. ఇంకేమీ అడగలేదు.

కట్ట మళ్లీ పోశారు. 1884 నుంచి గీసిన ఆ పాత పటాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. టెక్సాస్‌లో నేల కొనే, కొలిచే మనవాళ్లు వాటిలో ‘ట్యాంక్’ అన్న మాట కనబడితే, ముందు దాని కట్ట ఎక్కడుందో వెతకండి.