ఒక తోలుసంచి పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

మూలం లేనిదే ఒక్క మాట రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ టీకాకారుడు కోలాచలం మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. మెదక్ జిల్లా కొల్చారం ఆయన ఊరు. సాటి తెలుగువాడి మాట దాటడం మర్యాద కాదు కనుక, హ్యాండ్‌బ్యాగుల మీద టీక రాయాలని బుద్ధి పుట్టగానే ముందు మూలం కోసం వెతికాను. దొరకలేదు. అందుచేత మూలం కూడా నేనే రాసుకున్నాను. రెండో ప్రతిజ్ఞ, అదే అక్కర్లేనిది చెప్పననే ప్రతిజ్ఞ, నా వల్ల అయ్యే పని కాదు.

రాయపూర్‌లో కూర్చుని భాష్యం రాయడమేమిటని ఎవరైనా ఆక్షేపిస్తే వాళ్లకి ఊరి చరిత్ర తెలియదన్నమాట. దగ్గర్లోని చంపారణ్యంలో 1479లో పుట్టిన వల్లభాచార్యులవారు వెలనాటి తెలుగు కుటుంబంవారు. బ్రహ్మసూత్రాలకి అణుభాష్యం, భాగవతానికి సుబోధిని ఆయన రాసినవే. ఆ తరువాత చాలా కాలానికి, 1931లో పార్వతీపురం మీదుగా విజయనగరం, రాయపూర్ రైలు మార్గం పూర్తయింది. దాని మీద మావంటివాళ్లం వచ్చాం, భాష్యాలకి బదులు ఆవకాయ జాడీలు పట్టుకుని.

ఇక సందర్భం. మే నెల ఎండలో మా వదినతో మాలవీయ రోడ్డులో ఒక సంచుల దుకాణానికి వెళ్లాను. వదినది బొబ్బిలి. దుకాణదారు నల్ల హ్యాండ్‌బ్యాగు ఒకటి తీసి, "దీదీ, ప్యూర్ లెదర్. పానీ సే కుఛ్ నహీ హోగా" అంటూ సీసాలో నీళ్లు దాని మీద ఒంపాడు. నీళ్లు జారి నేల మీద పడ్డాయి. అంతటితో ఆగక లైటర్ వెలిగించి మంటని బ్యాగు మీద ఒకసారి అటూ ఇటూ తిప్పాడు. "వద్దు బాబూ, కాలిపోద్ది" అంది వదిన, హిందీ మరిచిపోయి. ఆ జలపరీక్షకీ అగ్నిపరీక్షకీ జవాబుగా పుట్టిందే ఈ ఆటవెలది.

మూలము

అంచు చూడు కుట్టు లన్నియు నెంచుము
కడుపు విప్పి చూడు గంధ మరసి
జిప్పు నీడ్చి చూచి చెప్పిన ధరలోన
సగము నడుగ వచ్చు సంతలోన.

తాత్పర్యము

తోలుసంచి కొనదలచినవారు దాని కోసిన అంచు చూడాలి. కుట్లు లెక్కపెట్టాలి. లోపలి అస్తరు తిప్పి చూడాలి, వాసన పట్టాలి, జిప్పు లాగాలి. ఆ తరువాతే చెప్పిన ధరలో సగానికి అడగాలి. తాత్పర్యం చివర పెట్టడం ఆచారమే గానీ, కొనేవాళ్లకి అంతవరకు ఓపిక ఉండదని ముందే పెట్టాను. ఓపిక ఉన్నవారికి టీక.

టీక

అంచు చూడు: కవి మొహం చూడమనలేదు, అంచు చూడమన్నాడు. ఏమి కారణం? మొహానికి రంగు వేయవచ్చు, మెరుపు పూయవచ్చు, మొసలి చర్మంలాంటి అచ్చు కూడా గుద్దవచ్చు. కోసిన చోట అవేవీ సాగవు. తోలులో పై పొర దట్టంగా ఉంటుంది, కిందికి పోయేకొద్దీ పోగులు వదులవుతాయి. కానీ ఇక్కడిదాకా ఇది, ఇక్కడినుంచి అది అని గీత ఉండదు. రెక్సిన్‌లో ఆ గీత ఉంటుంది: కింద గుడ్డ, పైన ప్లాస్టిక్ పొర. తోలు తరుగును పొడి చేసి, జిగురు కలిపి, అట్టలా ఒత్తి, పైన రంగుపొర వేసేది మూడో రకం. దాన్ని బాండెడ్ లెదర్ అంటారు. అందులో తోలు ఉన్న మాట నిజమే, దాని బలం మాత్రం జిగురుది.

శంక: అంచుకి కూడా రంగు పూస్తారు కదా?

సమాధానం: పూస్తారు. మంచి సంచులకీ పూస్తారు, కనుక అది దోషం కాదు. అయితే పూయడం మరిచిపోయిన అంచు ఎక్కడో ఒకచోట ఉంటుంది. పట్టీకి బకిల్ కోసం కొట్టిన చిల్లు లోపలి వైపు, లోపలి చిన్న జేబు మూతి, అస్తరు కింద మడత వెతకాలి. మా వదిన చేతి గాజుకున్న పిన్నీసు తీసి పట్టీ చిల్లులో పెట్టి కొంచెం గీకింది. తెల్లటి నూలుపోగు ఒకటి బయటికి వచ్చింది. దుకాణదారు ఏమీ అనలేదు. నీళ్ల సీసాకి మూత బిగించాడు.

శంక: చీటీ మీద "జెన్యూన్ లెదర్" అని ఉందే?

సమాధానం: ఉంటుంది. మేఘసందేశంలోని రామగిరి చిత్రకూటమేనని మల్లినాథుడు, నాగపూర్ దగ్గరి రామ్‌టెక్ అని ఇంకొందరు, మా సర్గుజాలోని రామ్‌గఢ్ అని ఛత్తీస్‌గఢ్ వాళ్లు చెబుతారు. ఒక్క పేరు, మూడు కొండలు. జెన్యూన్ అన్న మాట గతీ అంతే. పై పొరను ఉన్నదున్నట్టు, దోమకాట్లూ గీరుడు మచ్చలూ సహా ఉంచితే ఫుల్ గ్రెయిన్. ఆ మచ్చలు పోయేలా సానపడితే టాప్ గ్రెయిన్. పై పొర చీల్చి తీసేశాక మిగిలిన కింది పొరకి పూత పూస్తే స్ప్లిట్. మూడూ తోలే కాబట్టి మూడింటి మీదా ఆ చీటీ వేలాడదీయవచ్చు. యూరప్‌లో 1994లో చెప్పులకి గుర్తులు నిర్ణయించారు: పరిచిన తోలు ఆకారం ఉంటే తోలు, వజ్రం ఆకారం ఉంటే వేరే పదార్థం. ఆ తోలు గుర్తు ఇప్పుడు సంచుల మీదా కనబడుతోంది. దాన్ని ముద్రించడానికి తోలు అవసరం లేదు. శబ్దప్రమాణానికి విలువ రావాలంటే చెప్పినవాడు ఆప్తుడై ఉండాలని తర్కశాస్త్రం. అమ్మేవాడు ఆప్తుడు కాడు. ఆప్తుడెవరో కుట్ల దగ్గర చెబుతాను.

మచ్చ గురించి ఒక ముక్క. సంచి మొత్తం మీద రంధ్రాలూ ముడతలూ ఒకే వరసలో ఉన్నా, ఒకే మచ్చ రెండు చోట్ల కనబడినా అది అచ్చు. జంతువు రెండు చోట్ల ఒకేలా గీరుకోదు.

కుట్టు లన్నియు నెంచుము: "కుట్లు" అనాల్సింది ఛందస్సు కోసం "కుట్టులు" అని సాగదీశాడు కవి. కుట్టేవాళ్లు కూడా దారం కలిసిరావడానికి ఇదే పని చేస్తారు. అలాగని మరీ దగ్గరగా కుట్టినా ప్రమాదమే. తోలుకి పడిన చిల్లు పూడదు, చిల్లులు ఎక్కువైతే తపాలా బిళ్ల చింపినంత సులువుగా అక్కడే చిరుగుతుంది. పట్టీ సంచిని కలిసే చోటు చూడండి, బరువంతా మోసేది అక్కడే. మిషన్ కుట్టులో పై దారం, కింది దారం ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఒకటి తెగితే వరస వదులవుతుంది. జీనులు కుట్టేవాళ్ల పద్ధతిలో ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు, ప్రతి చిల్లులోంచీ రెండూ ఎదురెదురుగా పోతాయి. ఒక కుట్టు తెగినా పక్కవి నిలుస్తాయి.

ఇప్పుడు ఆప్తుడు. మాలవీయ రోడ్డు జైస్తంభ్ చౌక్ వైపు తిరిగే చోట గోడ నీడలో చెప్పులు కుట్టే మోచీ ఒకడు కూర్చుంటాడు. నా అభిప్రాయంలో ఊళ్లో సంచుల మీద మాట్లాడే అర్హత ఉన్నది అతనికే. అమ్మేవాడు సంచిని కొత్తగా ఉన్నప్పుడే చూస్తాడు, మోచీ అది పాడయ్యాక చూస్తాడు. వదిన తన పాత బ్యాగు ఇస్తే, పట్టీ మొదలు వేలితో వంచి చూసి, "ఇస్ మే టాంకా నహీ టికేగా", అంటే ఇందులో కుట్టు నిలవదు, అని తిరిగి ఇచ్చేశాడు. పైపొర పొట్టు లేచిపోయింది, కింద గుడ్డ మెత్తబడింది, సూది దిగితే చిరుగుతుంది. పక్కన ఎవరిదో గోధుమరంగు సంచి ఉంది. అంచులు అరిగి నల్లబడ్డాయి, పట్టీకి రెండు రంగుల దారాలు. దాన్ని మాత్రం మూడో రంగు దారంతో కుడుతున్నాడు. సంచి విలువ అంటే నాకు ఇదే: రేపు తెగితే మోచీ ఒప్పుకుంటాడా, ఒప్పుకోడా.

కడుపు విప్పి చూడు: అస్తరు మంచి సంచులలో కొంత వదులుగా బయటికి వస్తుంది. దాని వెనక తోలు లోపలి వైపు, నూగుగా ఉండేది, చేతికి తగలాలి. అస్తరును నాలుగు మూలలా జిగురుతో బిగించి వేలు పోకుండా చేస్తే అనుమానించండి. తోలు కాని దాన్ని మూయడానికీ అలాగే బిగిస్తారు.

గంధ మరసి: తోలు వాసన అని మనం అనుకునేది చాలావరకు దాన్ని పదును పెట్టిన సరుకు వాసన. దక్షిణాదిన తంగేడు చెక్క, కరక్కాయ వాడేవారు. ఆ తంగేడు పువ్వే ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. కరక్కాయని ఇక్కడ హర్రా అంటారు, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో గిరిజనులు ఏరి అమ్మే ముఖ్యమైన ఫలసాయాల్లో అదొకటి. కాబట్టి తోలుతో మా ప్రాంతానికి చుట్టరికం ఉంది, కరక్కాయ తరఫున. పందొమ్మిదో శతాబ్దం చివర క్రోమియం లవణాలతో పదును పెట్టడం వచ్చాక పని నెలల నుంచి రోజులకి తగ్గింది. నేడు లోకంలో ఎక్కువ తోలు అలా తయారైనదే, దాని వాసన వేరు. వాసన నూనెలు కూడా దొరుకుతున్నాయి గనుక ముక్కును సాక్షిగా పిలవండి, న్యాయాధిపతిని చేయకండి.

శంక: మరి జలాగ్ని పరీక్షలు?

సమాధానం: నీళ్లు జారిపోవడం పూతకి లక్షణం. పూత లేని తోలు నీటిని పీల్చి అక్కడ నల్లబడుతుంది. అంటే "నీళ్లకి ఏమీ కాదు" అని చెప్పినప్పుడు దుకాణదారు ప్లాస్టిక్‌ను పొగిడాడు, తెలియక నిజం చెప్పాడు. మంట సంగతి: తోలు మాంసకృత్తు, నిలిపి కాలిస్తే వెంట్రుక కాలిన వాసనతో మాడుతుంది. ప్లాస్టిక్ కరిగి ముద్దవుతుంది. క్షణంలో తిప్పి తీసేసిన మంటకి రెండూ ఏమీ కావు. ఇంట్లో మాత్రం ప్రయత్నించకండి, కొన్నది మీరే కదా.

అసలు పరీక్ష రాయపూర్ వాతావరణమే చేస్తుంది. మేలో 45 డిగ్రీలు, జూన్ చివర్నుంచి వానలు. పాలీయురేథేన్ పొర గాలిలోని తేమతో మెల్లగా విడిపోతుంది. వాడినా వాడకపోయినా, పెళ్లికని బీరువాలో దాచినది పెళ్లినాటికి పొట్టు రాలుస్తుంది. తోలుకి ఆ జబ్బు లేదు గానీ బూజు పడుతుంది. ప్లాస్టిక్ కవరులో కాక పాత నూలు గుడ్డలో చుట్టి పెడితే చాలు.

జిప్పు నీడ్చి: మూల తిరిగే చోట ఆగకూడదు. రన్నర్ మీద వైకేకే అనే జపాన్ కంపెనీ అక్షరాలుంటే మంచిదే, ఆ కంపెనీ 1934 నుంచి ఉంది. కానీ అక్షరాలకూ నకళ్లున్నాయి. బకిల్‌కి అయస్కాంతం అంటుకుంటే ఇనుము మీద పూత. అంటుకోకపోతే ఇత్తడే అని పొంగిపోవద్దు, జింకు మిశ్రమానికీ అంటుకోదు.

చెప్పిన ధర: ధర వేరు, విలువ వేరు. జేన్ బర్కిన్ అనే నటి కోసం పారిస్‌లో ఒక కంపెనీ చేసిన నల్ల తోలుసంచి 2025 జూలైలో అక్కడే వేలంలో 86 లక్షల యూరోలు పలికింది. గీతలు పడి, అంటించిన స్టిక్కర్ల మరకలతో, పట్టీకి నెయిల్ కట్టర్ వేలాడుతూ ఉంది. మన డబ్బులో 80 కోట్ల పైమాటే. అందులో తోలు ఖరీదెంతో ఎవరూ అడగలేదు, అడగకూడదు కూడా. మనకి ఉపయోగపడే లెక్క రెండో కొసన ఉంది. తోలును చదరపు అడుగుల్లో అమ్ముతారు, ఒక మాదిరి సంచికి నాలుగైదు అడుగులైనా కావాలి, తరుగు వేరే. ఆపైన అస్తరు, జిప్పు, కూలి. మూడు వందల యాభైకి తోలుసంచి అంటే తోలు దగ్గరే లెక్క తప్పుతుంది. రెక్సిన్ సంచిని రెక్సిన్ ధరకి కొనడం పాపం కాదు. వదిన చివరికి అదే చేసింది.

అలంకారము: దుకాణదారు మాటల్లో అతిశయోక్తి, కొనేవారి చూపులో భ్రాంతిమంతం, మోచీ మాటలో స్వభావోక్తి.

పాఠాంతరము: "సగము నడుగ" అన్నచోట "పావు నడుగ" అని వదిన పాఠం. యతి భంగమవుతుందని నేనన్నాను. యతి కోసం డబ్బు పోసుకోలేనని ఆమె సిద్ధాంతం. నల్ల బ్యాగుకి పావు దగ్గర మొదలుపెట్టి సగం కన్నా తక్కువకే తేల్చింది కనుక ఈ పాఠమే గ్రాహ్యం.

సంతలోన: ఈ మాట పాదపూరణం కోసం వేసింది కాదు. గోల్ బజార్, మాలవీయ రోడ్డు వంటి చోట్లకే ఈ పద్యం వర్తిస్తుంది. మాల్‌లో ధర తగ్గించమని అడక్కండి, తగ్గించరు. అక్కడ పద్యంలో మొదటి మూడు పాదాలు వాడుకుని, బిల్లు అడిగి తీసుకుని, దాని మీద సరుకు పేరు ఏమని రాశారో చదివి గాని బయటికి రాకండి.