తూటాల మాస్టారు

విశాఖలో రిటైరైన మగాడికి పొద్దుటిపూట రెండే దిక్కులు. ఒకటి సింహాచలం, రెండోది బీచ్ రోడ్డు. అప్పన్న సన్నిధిలో మనం మాట్లాడటమే గానీ ఎదుటివాళ్లు ‘ఆహా’ అనడం ఉండదు కాబట్టి, మా తూటాల మాస్టారు బీచ్ రోడ్డుకే ఓటేశారు. కురుసుర సబ్‌మెరైన్‌కి కాస్త ఇవతల సిమెంటు బెంచీ ఆయనది. వెనకటికి పిట్టల దొర చెక్క తుపాకీ భుజాన వేసుకుని ఊరూరా కోతలు కోసేవాడు. మాస్టారి దగ్గర ఆ చెక్క తుపాకీ కూడా లేదు.

నిజానికి ఆయన మాస్టారూ కారు. ఉక్కు ఫ్యాక్టరీ వైర్ రాడ్ మిల్లులో మెకానికల్ మెయింటెనెన్స్ చూసి రిటైరయ్యారు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఆయన దగ్గరగా చూసిన ఆయుధమల్లా గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ జవాను భుజానికి వేలాడేదే. కథంతా మలుపు తిరిగింది డల్లాస్‌లో కూతురి కాన్పుకి వెళ్లినప్పుడు.

అక్కడ అల్లుడిగారి గ్యారేజీలో కారుకి చోటు లేదు. బల్ల, దానికి బిగించిన ప్రెస్సు, డబ్బాల్లో ఇత్తడి షెల్లు. కాల్చేసిన షెల్లుని పారేయకుండా శుభ్రం చేసి, అచ్చులో నొక్కి కొలతకి సరిచేసి, కొత్త ప్రైమరు, కొత్త మందు, కొత్త గుండు పెట్టి మళ్లీ తూటా చేసుకోవడం అమెరికాలో చాలామందికి వారాంతపు వ్యాపకం. తూటాలో ఖరీదైన భాగం ఆ ఇత్తడే మరి. అల్లుడి దగ్గరున్నది 9 ఎంఎం కార్బైన్, అంటే పిస్టల్ తూటానే కాల్చే పొడుగు తుపాకీ. ప్రత్యేక అనుమతి లేకపోతే రైఫిల్ గొట్టం 16 అంగుళాలకి తగ్గకూడదని అక్కడి చట్టం. ఈ జాతి తుపాకీ కాల్చిన ప్రతిసారీ ఖాళీ షెల్లుని అల్లంత దూరానికి విసిరి కొడుతుంది. మరి వాటిని ఏరేదెవరు? ఈ సంగతి మాస్టారు చెప్పరు. వాళ్లావిడ చెబుతారు.

“ఆరు నెల్లు అమెరికాలో ఈయన సేసిన ఉద్యోగం ఏటో తెలుసా? వంగి ఏరుకోడం. నడుం నొప్పికి ఇప్పటికీ మందు రాస్తన్నాను.”

కానీ ఒక్కటి ఒప్పుకోవాలి. ఆ కార్బైన్ పనిచేసే బ్లోబ్యాక్ పద్ధతి అంటే ఏమిటో మాస్టారు చెప్పినంత చక్కగా ఇంకెవరూ చెప్పగా నేను వినలేదు. కూర్మన్నపాలెంలో ఒక గృహప్రవేశం. భోజనాల తర్వాత ఆయన చుట్టూ కుర్రాళ్లు మూగారు. ఆయన నేరుగా వెళ్లి, ఇంకా గడియ బిగించని బాత్రూమ్ తలుపుకి వీపు ఆనించి నిలబడ్డారు.

“చూడు గురూ, మామూలు రైఫిల్లో బోల్టుకి గడియ ఉంటాది. ఇందులో లేదు. ఇదిగో, నా వీపు బరువే బోల్టు బరువు. వెనకాల ఒక స్ప్రింగు. అంతే. లోపల్నించి ఎవడైనా తోస్తే తలుపు తెరుచుకుంటాది, కానీ ఆలస్యంగా. ఆ ఆలస్యంలోనే గుండు గొట్టం దాటిపోవాలి.”

“మరి మందు తక్కువైతే మాస్టారూ?”

“తలుపు సగంలో ఆగిపోద్ది. షెల్లు బయటికి రాదు, తుపాకీ పట్టేస్తాది. ఎక్కువైందనుకో, గొట్టంలో ఒత్తిడి తగ్గకుండానే తలుపు తెరుచుకుంటాది. షెల్లు ఉబ్బుద్ది. పగిలిందా, మంటా పొగా మొహమ్మీదకే. అందుకే సొంతంగా తూటా కట్టుకునేవాడు పుస్తకంలో రాసింది దాటకూడదు.”

ఇంతలో తలుపు లోపల్నించి తోపుడు మొదలైంది. గృహస్థు పెద్ద బావగారు అప్పటికే లోపలున్నారు. “తియ్యండయ్యా” అని కేక. మాస్టారు కదల్లేదు, పైగా “చూశారా, ఒత్తిడి!” అన్నారు. ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి “బేగి తప్పుకోండి, పరువు తీస్తన్నారు” అని రెక్క పట్టుకు లాగితే గానీ బావగారు బయటపడలేదు. బోల్టు వెనక్కి రావడం కుర్రాళ్లంతా కళ్లారా చూశారు.

తిరిగొచ్చేటప్పుడు గుర్తుగా ఒక ఖాళీ షెల్లు జేబులో వేసుకొద్దామనుకున్నారట. ఆవిడ డల్లాస్‌లోనే చెత్తబుట్టలో పడేసి ఎయిర్‌పోర్టు గొడవ తప్పించారు. చివరికి పెట్టెలో వచ్చింది మందు తూచే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు. అది గ్రెయిన్లలో తూస్తుంది, గ్రాముకి దాదాపు 15.4 గ్రెయిన్లు. ఇప్పుడు ఆవిడ దాన్ని బంగారానికి వాడుతున్నారు. మొన్న గాజువాక నగల కొట్లో గాజు మార్చడానికి వెళితే, సేటు 9.5 గ్రాములన్నాడు. మాస్టారు వెంటనే, “147 గ్రెయిన్లు! నెమ్మదిగా పోయే 9 ఎంఎం గుండు బరువు సరిగ్గా ఇంతే” అన్నారు. సేటు గాజు వంక, మాస్టారి వంక మార్చి మార్చి చూసి, మజూరీలో కొంచెం తగ్గించాడు. భయమో, మర్యాదో తెలీదు.

మన పోలీసుల దగ్గరుండే 9 ఎంఎం కార్బైన్ 1ఏ1 కూడా ఈ గడియ లేని జాతే. ఇంగ్లండు స్టెర్లింగ్ నమూనా, కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ తయారీ. బందోబస్తులో ఎక్కడైనా అది కనిపిస్తే మాస్టారు ఆగి, చూపులతోనే దండం పెట్టుకుంటారు. కానిస్టేబుల్ ఇబ్బందిగా కదిలి రెండో భుజానికి మార్చుకుంటాడు. ఎన్నికల కోడ్ రాగానే లైసెన్సున్న వాళ్లు తుపాకులు తీసుకెళ్లి స్టేషన్లో జమ చేస్తారు. ఈయన జమ చెయ్యాలంటే నోరొక్కటే ఉంది, దానికి రసీదు ఇచ్చేవాళ్లు లేరు.

బెంచీ మీద కొత్తగా చేరినవాళ్లు ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, మనం కూడా ఇంట్లో తూటాలు చేసుకోవచ్చా అని. అప్పుడు మాత్రం మాస్టారి గొంతు మారిపోతుంది. 9 ఎంఎం మన దగ్గర నిషిద్ధ బోరు, మామూలు లైసెన్సు మీద ఇవ్వరు. లైసెన్సు లేకుండా తూటా తయారు చేస్తే ఆయుధాల చట్టం 25వ సెక్షను. 2019 సవరణ తర్వాత ఏడేళ్లకి తక్కువ కాకుండా యావజ్జీవం దాకా. ఇదంతా ఆయన లాయరు కన్నా గడగడా అప్పజెబుతారు. తుపాకీ లేదు, తూటా లేదు, లైసెన్సు లేదు, కేసూ లేదు. ఇంత నిరపాయకరమైన ఆయుధ నిపుణుడు విశాఖలో మరొకరు దొరకరు. తీరిక చేసుకుని ఓ పొద్దున వెళ్లి వినండి. టీ డబ్బులు మాత్రం మీవే.