వీస నాటి వీసం: ఒక గోడ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

అమెరికా చదువు కోసం హైదరాబాదు చేరిన ఒక కుర్రవాడు అమీర్‌పేట హాస్టల్ గదిలో, స్విచ్‌బోర్డు పక్కన, బాల్‌పెన్నుతో గోడ మీద రాసిన ఆటవెలది ఇది. కవి పేరు లేదు. కాలనిర్ణయం విషయంలో రెండు మతాలున్నాయి. ఆ చదువు కోసం రాసే జీఆర్ఈ పరీక్షలో వ్యతిరేకపదాలూ, పదాల జోడీలూ విడిగా అడిగే పద్ధతి 2011 ఆగస్టుతో పోయింది. విడి మాటల కోసం ఇంతగా ఏడ్చాడంటే కవి అంతకు ముందువాడే అయివుండాలని మొదటి మతం. పరీక్ష మారినా హాస్టళ్లలో చేతులు మారే మాటల పుస్తకం మారలేదు కనక తరవాతివాడైనా ఇంతే ఏడ్చేవాడని రెండో మతం. రెండోదే బలంగా కనిపిస్తోంది.

టీకాకారుల్లో పెద్దదిక్కు కోలాచల మల్లినాథసూరి మనవాడే. మెదక్ దగ్గరి కొల్చారం ఆయన ఊరంటారు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. మేమూ అదే ఒట్టు పెట్టుకుంటే ఈ టీక ఇక్కడే ఆగిపోతుంది కనక పెట్టుకోవడం లేదు.

మూలము

ఆదినున్న మాటలన్నియు గంఠాన
నిలిచె; డీని దాట నిద్ర వచ్చె;
జెడ్డు మొగము చూడ జీవుడు తపియింప
వీసమంత మిగిలె వీస నాడు.

ప్రతిపదార్థము

ఆదిన్ = ఏ అనే అక్షరము వద్ద; ఉన్న = అచ్చయి ఉన్నట్టి; మాటలు = అబేస్, అబాష్, అబేట్ మొదలైన ఇంగ్లీషు పదములు; అన్నియున్ = ఒక్కటీ పొల్లుపోకుండా; కంఠానన్ = గొంతునందు (తలయందు అని కవి అనలేదు, గమనించునది); నిలిచెన్ = నిలిచెను; డీని = డీ అనెడి అక్షరమును; దాటన్ = దాటగానే; నిద్ర వచ్చెన్ = సులభము; జెడ్డు మొగము = చిట్టచివరి అక్షరముయొక్క ముఖమును; చూడన్ = చూచుటకై; జీవుడు = విద్యార్థి; తపియింపన్ = తపించుచుండగా; వీస నాడు = కాన్సులేటులో ఇంటర్వ్యూ దినమున; వీసమంత = పదహారవ వంతు; మిగిలెన్ = మిగిలెను.

విశేషములు

‘ఆదినున్న’. కావ్యం మంగళంతో మొదలవాలని మనవాళ్ల నియమం. నన్నయ శ్రీకారం చుట్టాడు. శాస్త్రకారులూ ఈ నియమాన్ని దాటలేదు. పాణిని తొలి సూత్రాన్ని వృద్ధి శబ్దంతో ఎత్తుకోవడం మంగళం కోసమేనని పతంజలి చెప్పాడు. మరి మన కుర్రవాడి చేతిలో ఉన్న బారన్స్ వారి జీఆర్ఈ పుస్తకంలోని 3500 మాటల జాబితా దేనితో మొదలవుతుంది? అబేస్‌తో. అంటే కించపరచు. దాని వెనకే అబాష్, సిగ్గుపడేలా చేయు. కొన్ని మాటలు దాటితే అబ్డికేట్, గద్దె దిగు. మరికాస్త పోతే అభార్, అసహ్యించుకొను. ఆపైన అబ్జెక్ట్, దీనాతిదీనమైన. పుస్తకం తెరిచి టీ చల్లారేలోగా పిల్లవాడు కించపడి, సిగ్గుపడి, గద్దె దిగి, తన మీద తనకే అసహ్యం వేసి, దీనాతిదీనుడైపోయాడు. వృద్ధి ఎక్కణ్నుంచి వస్తుంది?

ఇదంతా అక్షరక్రమం తెచ్చిన తంటా. అమరసింహుడు తన కోశాన్ని అక్షరక్రమంలో పెట్టలేదు, అర్థక్రమంలో పెట్టాడు. స్వర్గం పేర్లతో మొదలుపెట్టి దేవతలు, ఆకాశం, కాలం మీదుగా పాతాళానికి దిగి, అక్కణ్నుంచి భూమికి, ఊళ్లకు, కొండలకు, చెట్లకు, మనుషులకు వస్తాడు. చెరువు పక్కన తామర ఉంటుంది, తామర పక్కన తూడు ఉంటుంది. ఒకదాన్ని పట్టుకుంటే పక్కది దానంతటదే చేతికొస్తుంది. పైగా అంతా శ్లోకం. పిల్లవాడు అర్థం తెలియకముందే గొంతులో వేసుకునేవాడు, అర్థం తరవాత నెమ్మదిగా వచ్చి చేరేది.

బారన్స్ వారి పట్టికలో ఇరుగుపొరుగులకు చుట్టరికం లేదు, పోలిక ఉంది. అబేస్, అబేట్, అబెట్, ఈ మూడూ ఒకే యూనిఫారం వేసుకున్న కవలల్లా నిలబడతాయి. ఒకటి కించపరచేది, ఒకటి తగ్గేది, ఒకటి నేరానికి తోడ్పడేది. ఆదివారం పొద్దున అడిగితే పిల్లవాడు సరిగ్గానే చెబుతాడు. మంగళవారం అడిగితే వాన నేరానికి తోడ్పడుతుంది, దొంగ తగ్గుముఖం పడతాడు. కనక దోషం కుర్రవాడి బుర్రది కాదు, వరసది. 1949లో వచ్చిన నార్మన్ లూయిస్ పుస్తకం ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’ ఈ సంగతి గ్రహించి, మనుషుల స్వభావాలు, వైద్యులు, వృత్తులు అని అర్థాన్ని బట్టి మాటలకు కాపురాలు పెట్టింది. అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద అది ఇప్పటికీ దొరుకుతుంది. అయితే దాన్ని కొన్నవాళ్లు మొదటి అధ్యాయాల్లోనే బాగుపడి ఆపేస్తారని మా పరిశీలన.

‘కంఠాన’. గొంతులో నిలవడానికి కుర్రవాళ్లు చేసే ఉపాయాలు ఏ లాక్షణికుడూ చెప్పలేదు కనక ఇక్కడ చెప్పాలి. బెల్లికోస్ అంటే కయ్యానికి కాలుదువ్వే స్వభావం. ఎలా గుర్తు? బెల్లం కోసం కొట్టుకునేవాడు. గారులస్ అంటే వాచాలుడు. గారెలు తింటూ వాగేవాడు. ఇవి చెప్పగానే గదిలో నవ్వు పుడుతుంది, నవ్విన మాట మరిచిపోరు. కానీ పారగాన్ దగ్గర కథ అడ్డం తిరుగుతుంది. పారగాన్ అంటే ఆదర్శమూర్తి. తెలుగు పిల్లవాడికి ఆ మాట వినగానే కనిపించేది నీలం పట్టీల హవాయి చెప్పులు. ఆ చెప్పుల్ని తోసేసి ఆదర్శమూర్తిని నిలబెట్టడం ఏ గురువుకూ సాధ్యం కాలేదు. మా మట్టుకు బెల్లం, గారెలు తప్పని ఒప్పుకోం. కొత్త చుట్టం ఇంటికొస్తే ముందు కూర్చోబెట్టేది మన చాప మీదే కదా.

‘డీని దాట’. డీ నాలుగో అక్షరమే, దానికే ఇంత అలసటా అని ఒక ఆక్షేపణ. ఇంగ్లీషు నిఘంటువుల కొలతలు తెలియని మాట అది. ఈ జాబితాలో జెడ్డు దగ్గర మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సీ మాత్రం ఒక్కటే సముద్రం. కాకోఫనీ, కర్టెయిల్ లాంటివి ఈదుకుంటూ ఒడ్డు చేరేసరికి రెండు వారాలు పోతాయి. ఆ తరవాత డీ వస్తుంది. అందులో సగం మాటలు తిట్లు, తక్కిన సగం తగ్గుదలలు. సీ ఈది, డీ ఎక్కి, కన్నుమూయనివాడు యోగి అయివుండాలి.

‘నిద్ర వచ్చె’ అన్నచోట కవి మరుపును సూచించాడని కొందరు. 1885లో ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు అర్థంలేని అక్షరాల గుంపుల్ని తానే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో తనమీద తానే కొలుచుకున్నాడు. మరుపు మొదట్లోనే జోరుగా వచ్చి, తరవాత నెమ్మదిస్తుందని తేల్చాడు. ఆయన కావాలని అర్థంలేనివి ఎంచుకున్నాడు. మనవాడు అర్థం ఉన్నవాటినే వాక్యం లేకుండా చదివి అదే ఫలితం సంపాదించాడు. ఇక నిద్ర దోషం కానే కాదు. చదివింది కుదురుకోవడానికి నిద్ర కావాలని నేటి శాస్త్రజ్ఞులూ ఒప్పుకుంటున్నారు. అయితే ముందు చదివి వుండాలి.

‘జెడ్డు’. అమెరికా ప్రతిలో ‘జీ’ అని పాఠాంతరం. అది తీసుకుంటే గణం చెడుతుంది కనక జెడ్డే సాధువు. ఇది ఛందస్సు వరకు. అవతలి ఒడ్డు చేరాక ఫోనులో పేరు చెబుతూ జెడ్ అంటే అటువైపు వాళ్లకు అర్థం కాదు. అక్కడ ఛందస్సు వదులుకోవాల్సిందే.

‘తపియింప’ అన్నదానికి తపస్సు చేయగా అనే అర్థం కూడా సాధించవచ్చు. నగరానికి పడమట, కాస్త దూరంలో చిలుకూరు ఉంది. అక్కడి బాలాజీకి వీసా బాలాజీ అని పేరు. మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. 3500తో పోలిస్తే రెండూ కలిపినా 119 మాత్రమే కనక ఈ మార్గాన్ని ఆశ్రయించినవాళ్లు ఎక్కువ. రెండు మార్గాలనూ నమ్ముకున్నవాళ్లు మరీ ఎక్కువ.

‘వీసమంత’. పదహారో వంతు. 3500లో వీసం అంటే 218 మాటలు, పైన ఒక ముప్పాతిక మాట. ముప్పాతిక మాట అంటే ఏమిటని శంక. సమాధానం: అర్థం తెలియదు, మంచిదో చెడ్డదో మాత్రం తెలుసు. కోచింగ్‌లో దీన్ని శాస్త్రంగానే చెబుతారు. మాట పక్కన కూడిక గుర్తో తీసివేత గుర్తో వేసుకో, అర్థం గుర్తు రాకపోయినా గుర్తు గుర్తొస్తుంది అని. ఆబ్డ్యురేట్ కనిపించగానే కుర్రవాడు కళ్లు చిట్లించి, ‘ఎక్కడో చూశాన్రా, తిట్టే అది’ అంటాడు. మొండివాడు అని అర్థం. తిట్టే. ఆరు ఛాయిస్‌ల్లోంచి ఒకే అర్థమిచ్చే రెండింటిని ఏరమనే ప్రశ్నల్లో ఈ ముప్పాతిక మాటే గట్టెక్కించిన సందర్భాలున్నాయి. లెక్కల భాగం, క్వాంట్, ఎలాగూ కొట్టేస్తారు. ఇంటరు రెండేళ్లూ తెల్లారుజామునే లేపి లెక్కలు చేయించిన పుణ్యం ఊరికే పోదు. ఏడుపంతా మాటల భాగం, వెర్బల్, దగ్గరే.

‘వీస నాడు’. వీసా అనవలసిన చోట వీస అని హ్రస్వం చేయడం దోషమని ఆక్షేపణ. అమెరికా కాన్సులేటు కిటికీ దగ్గర దీర్ఘాలు తీయడానికి వీల్లేదు కనక హ్రస్వమే ఉచితం. ఒకప్పుడు ఈ కిటికీ కోసం రాత్రి రైలెక్కి చెన్నై వెళ్లేవాళ్లు. హైదరాబాదులో కాన్సులేటు 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో తెరిచారు, 2023లో నానక్‌రామ్‌గూడకు మార్చారు. ఊరు మారినా, భవనం మారినా, కిటికీ వెనకనుంచి వచ్చే ప్రశ్నలు మారలేదు. ఏ యూనివర్సిటీ? ఎందుకు అదే? డబ్బు ఎవరు పెడతారు? రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. అందులో బెల్లికోస్ లేదు, ఆబ్డ్యురేట్ లేదు. ఆఫీసరు మాట్లాడేవన్నీ ఆరో తరగతి ఇంగ్లీషు వాచకంలో ఉన్న మాటలే. తిరస్కరిస్తే ఇచ్చే కాగితం మీద సెక్షన్ 214-బి అని ఉంటుంది. మిగిలిన మాటలు 218, సెక్షను 214, ఇందులో కవి ఏదో గూఢంగా చెప్పాడని ఒక వ్యాఖ్యాత రాశాడు. అత్యుత్సాహం అని తోసిపుచ్చుతున్నాం.

అలంకారము

నాలుగో పాదంలో వీసమంత, వీస అని రావడం యమకమా, అనుప్రాసమా అన్న చర్చకు ఇక్కడ చోటు లేదు. ధ్వని చూడదగింది. జాబితా చివర జీలట్, జెనిత్, జెఫిర్ అనే మాటలున్నాయి. జెఫిర్ అంటే పడమటి గాలి, గ్రీకుల వాయుదేవుళ్లలో ఒకడి పేరు నుంచి వచ్చిన మాట. కింద పడిన అబేస్ నుంచి బయల్దేరిన జీవుడు, నడినెత్తి అని అర్థమిచ్చే జెనిత్ మీదుగా పోయి, చివరికి పడమటి గాలి అందుకుంటాడన్నమాట. శంషాబాదులో విమానం ఎక్కిన పిల్లలు దోహా మీదుగానో, దుబాయ్ మీదుగానో, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో పడమటికే పోతారు. జెడ్డు మొగం చూడలేదని కవి ఏడ్చాడు గానీ, ఆ మొగం ఎటు తిరిగి ఉందో అతనికి తెలుసు.

తాత్పర్యము

మొదటి అక్షరంలోని మాటలన్నీ నోటికి వచ్చాయి. డీ దాటేసరికి నిద్ర ముంచుకొచ్చింది. చివరి అక్షరం చూద్దామని విద్యార్థి తపిస్తుండగానే ఇంటర్వ్యూ రోజు వచ్చిపడింది, అప్పటికి మిగిలింది వీసం వంతు.

శంక

ఆ వీసం వంతైనా తరవాత దేనికి పనికొచ్చిందని శిష్యుడి ప్రశ్న. వీసా వచ్చింది. పద్యం చెప్పిన కుర్రవాడే అయివుంటాడని అనుకుందాం, అతను అక్కడ దిగాడు. క్యాంపస్‌లో మొదటి రోజు ఆకలేసింది. తిండి కౌంటర్ దగ్గర లైన్లో నిలబడ్డాడు. 218 మాటలూ వరసగా గొంతులో సిద్ధంగా ఉన్నాయి, ముప్పాతిక మాటతో సహా. కౌంటర్లో ఏమడుగుతారో, తాను ఏం చెప్పాలో రెండుసార్లు మనసులో అనుకున్నాడు. శాండ్‌విచ్ పేరు చెప్పాడు, తప్పు పోలేదు. కౌంటర్ వెనక పిల్ల తలెత్తకుండా, ఒక్క గుక్కలో, ‘ఫర్ హియర్ ఆర్ టు గో?’ అంది.

అన్నీ చిన్న చిన్న మాటలు. ఏ లిస్టులోనూ లేవు. కూడిక గుర్తూ లేదు, తీసివేత గుర్తూ లేదు. ఇక్కడే తినడమా, పట్టుకుపోవడమా అని ఆ పిల్ల అడుగుతోందని అతనికి ఎవరూ చెప్పలేదు. వెనక లైను పెరుగుతోంది.

‘యెస్,’ అన్నాడు.

ఇది ఏ అలంకారం కిందికి వస్తుందో వ్యాఖ్యాతలు ఇంకా తేల్చలేదు.